దాతకు గడువు, గ్రహీతకు బాధ్యత

2025వ సంవత్సరం మే 8వ తేదీన అమెరికా సంపన్నుడు బిల్ గేట్సు ఒక ప్రకటన చేసినాడు. తన ఆస్తిలో దాదాపు యావత్తూ రానున్న ఇరవై సంవత్సరాలలో లోకహితానికి ఇచ్చివేయగలననీ, తాను నెలకొల్పిన గేట్సు ఫౌండేషన్ ఆ వ్యవధిలో సుమారు 20 వేల కోట్ల డాలర్లు వ్యయం చేసి 2045వ సంవత్సరం డిసెంబరు 31వ తేదీన మూతపడగలదనీ ఆ ప్రకటన సారాంశం. అంతకు ముందరి ఇరవైయైదేళ్లలో ఆ సంస్థ ఖర్చు చేసినది 10 వేల కోట్ల డాలర్లకు పైమాట. దానికి రెట్టింపు ఇప్పుడు ఇరవై ఏళ్లలో ఖర్చు చేయ సంకల్పించినారన్నమాట. సత్రం కట్టించినవారు, చెరువు త్రవ్వించినవారు తమ ధర్మం ఆచంద్రార్కం నిలవాలని శాసనం వేయించడం మన దేశపు ఆనవాయితీ. ఇచ్చట దాత తన ధర్మానికి తానే తుది తేదీ వ్రాసిపెట్టినాడు. ఇది వింతగా తోచవచ్చును. కాని ఆలోచింపదగిన వింత.

ఈ వార్త వెలువడిన నాటినుండి రెండు రకాల మాటలు వినవస్తున్నవి. కలియుగ కర్ణుడని పొగిడేవారు కొందరు. వ్యాపారి చేసే దానం కూడ వ్యాపారమే గదా అని పెదవి విరిచేవారు మరికొందరు. పొగడ్తకు గాని తెగడ్తకు గాని పెద్ద శ్రమ అక్కరలేదు. ఆ ధనం ఎట్లు వచ్చినది, ఎచ్చటికి పోయినది, పోయినచోట ఏమి చేసినది అనే మూడు ప్రశ్నలకు సమాధానం వెదకితే గాని ఈ దానం విలువ తేలదు. తెలుగువారికి ఈ విచారణ మరింత అవసరం. ఆ ధనసహాయం పొందిన ఒక టీకా హైదరాబాదులో తయారైనది. ఆ ధనంతో నడచిన ఒక కార్యక్రమంపై ఖమ్మం జిల్లాలో పెద్ద వివాదం చెలరేగినది. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే సంస్థతో ఒక ఒప్పందం కుదుర్చుకొన్నది. అందులో వైద్యం, వ్యవసాయంతో పాటు విద్య కూడ చేరియున్నది. కనుక ఇది ఎక్కడో దూరదేశపు ధనికుని ముచ్చట మాత్రమే కాదు.

తల్లులు సమకూర్చిన యంత్రం

విలియం హెన్రీ గేట్సు 1955వ సంవత్సరం అక్టోబరు 28వ తేదీన అమెరికా వాయవ్య తీరంలోని సియాటిల్ నగరంలో జన్మించినాడు. తండ్రి న్యాయవాది. తల్లి మేరీ కొంతకాలం ఉపాధ్యాయిని. తరువాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పాలకమండలిలోను, యునైటెడ్ వే అనే ధర్మసంస్థలోను పనిచేసి పేరు పొందినది. కలిగిన కుటుంబం. కుమారుని లేక్‌సైడ్ అనే ప్రైవేటు పాఠశాలలో చేర్పించినారు.

ఆ రోజులలో కంప్యూటరు అంటే గది నిండా ఉండే యంత్రం. పెద్ద కంపెనీలు, ప్రభుత్వ శాఖలు, విశ్వవిద్యాలయాలు మాత్రమే దానిని భరించగలిగేవి. ఇతరులు టెలిటైపు అనే టైపు యంత్రాన్ని టెలిఫోను తీగకు తగిలించి, దూరాన ఉన్న కంప్యూటరును కొద్దిసేపు వాడుకొని, వాడుకొన్న కాలానికి అద్దె చెల్లించవలసి ఉండేది. 1968లో లేక్‌సైడ్ విద్యార్థుల తల్లుల సంఘం పాత సామానులు పోగుచేసి అమ్మి, వచ్చిన సొమ్ముతో పాఠశాలకు ఒక టెలిటైపును, కొంత కంప్యూటరు కాలాన్ని సమకూర్చినది. అప్పటికి గేట్సు పదమూడేళ్ల బాలుడు, ఎనిమిదవ తరగతి విద్యార్థి. రెండేళ్లు పెద్దవాడైన పాల్ అలెన్ అతనికి అక్కడనే మిత్రుడైనాడు.

ఆ యంత్రం విషయంలో కొద్దికాలంలోనే ఉపాధ్యాయులకంటె పిల్లలు ముందుకు పోయినారు. అందుకు ఉపాధ్యాయులు చిన్నతనం పడలేదు; అడ్డుపడక వారి స్వేచ్ఛకు విడిచిపెట్టినారు. తల్లులు కొనియిచ్చిన కాలం చెల్లిపోయిన తరువాత ఈ పిల్లలు నగరంలోని ఒక కంప్యూటరు కంపెనీతో బేరం కుదుర్చుకొన్నారు: కంపెనీ ప్రోగ్రాములలోని తప్పులు తాము వెదకిపెట్టాలి, అందుకు ప్రతిఫలంగా కంపెనీ యంత్రాన్ని ఉచితంగా వాడుకోనివ్వాలి. తరువాత పాఠశాల తరగతుల కాలపట్టికను తయారుచేసే ప్రోగ్రాము కూడ వీరే వ్రాసినారు. కాలపట్టిక కూర్చడం ఎంతటి తలనొప్పియో ప్రతి ప్రధానోపాధ్యాయునికి తెలిసినదే. లేక్‌సైడ్ లేకపోతే మైక్రోసాఫ్టు లేదని గేట్సు 2005లో ఆ పాఠశాలకు వచ్చి చేసిన ప్రసంగంలో అంగీకరించినాడు.

1973లో గేట్సు హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరినాడు. 1975 జనవరి నెల పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖపత్రంపై ఆల్టెయిర్ 8800 అనే చిన్న కంప్యూటరు బొమ్మ వెలువడినది. న్యూ మెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకెర్కీ పట్టణంలో ఎడ్ రాబర్ట్స్ అనే ఇంజనీరు నడిపే చిన్న కంపెనీ దానిని తయారుచేసినది. విడి భాగాలుగా కొని ఇంట్లో కూర్చుకొంటే ధర 400 డాలర్ల లోపు. సామాన్యుడు తన ఇంట ఉంచుకోగల యంత్రమైతే వచ్చినది గాని, దానితో పని చేయించే భాష లేదు. డార్ట్‌మత్ కళాశాల ఆచార్యులు కెమెనీ, కర్ట్‌జ్ 1964లో విద్యార్థుల సౌకర్యం కొరకు రూపొందించిన బేసిక్ అనే సులభమైన భాషను ఆ చిన్న యంత్రంలో ఇమిడేటట్లు తయారుచేయడానికి గేట్సు, అలెన్ పూనుకొన్నారు. ఆల్టెయిర్ యంత్రాన్ని వారు కళ్లతో చూడలేదు. హార్వర్డులోని పెద్ద కంప్యూటరును ఆ చిన్న యంత్రం వలె నటింపజేసి, రాత్రింబవళ్లు పనిచేసినారు. మాంటీ డేవిడాఫ్ అనే తోటి విద్యార్థి గణిత భాగం వ్రాసి ఇచ్చినాడు. అలెన్ ఆ ప్రోగ్రామును కాగితపు టేపుమీద పట్టుకొని ఆల్బుకెర్కీ పోయి, రాబర్ట్స్ ఎదుట యంత్రంలో ఎక్కించి, రెండుకు రెండు కలిపితే ఎంత అని అడిగినాడు. యంత్రం నాలుగు అని అచ్చువేసినది. ఆ సంవత్సరం ఏప్రిల్ 4వ తేదీన మిత్రులిరువురూ మైక్రోసాఫ్టు కంపెనీని స్థాపించినారు.

ఈ కథను సాధారణంగా ఒంటరి మేధావి విజయంగా చెప్పుకొంటారు. మేధ ఉన్నమాట నిజమే, కష్టమూ నిజమే. కాని లెక్క సరిగా చూస్తే అందులో పరుల సొమ్ము చాల ఉన్నది. తొలి యంత్రం తల్లుల చందా. హార్వర్డు కంప్యూటరుకు డబ్బు పెట్టినది అమెరికా రక్షణ శాఖ, అనగా ప్రజల ఖజానా. బేసిక్ భాష ఇద్దరు ఉపాధ్యాయులు విద్యార్థి లోకానికి ధారపోసినది. మహాదాత కాకముందు గేట్సు గొప్ప గ్రహీత. ఈ సంగతి గుర్తుంటే తరువాతి కథ తేటపడుతుంది.

ఒప్పందంలోని ఒక షరతు

ఆల్టెయిర్ కొన్న ఔత్సాహికులు బేసిక్ టేపును ఒకరినుండి ఒకరు నకలు తీసుకొని వాడుకోసాగినారు. 1976 ఫిబ్రవరిలో గేట్సు వారికి ఒక బహిరంగ లేఖ వ్రాసినాడు. ప్రతిఫలం లేకుండా పని చేయడం ఎవరికి సాధ్యం, వెల ఇవ్వక నకలు తీసుకోవడం దొంగతనం కాదా అని అందులో ప్రశ్నించినాడు. ఆ వాదంలో బలం లేకపోలేదు. రచయితకు గ్రంథస్వామ్యం ఉన్నట్లే ప్రోగ్రాము వ్రాసినవానికీ హక్కు ఉండవలసినదే. అయితే ఇరవై ఏండ్ల వయస్సులో, వెల లేకుండ దొరికిన విద్యతో, వెల కట్టే విద్యను నేర్చినవాడు అతడు. జ్ఞానం పదిమందీ పంచుకోదగినదా, వెల కట్టి అమ్మదగినదా అనే వివాదం కంప్యూటరు రంగంలో నాటినుండి నేటివరకు సాగుతూనే ఉన్నది.

అసలు భాగ్యం 1980లో వచ్చినది. ఐ.బి.ఎం. అనే మహాకంపెనీ చిన్న కంప్యూటరు తయారుచేయదలచి, దానిని నడిపే మూల ప్రోగ్రాము కావాలని మైక్రోసాఫ్టును అడిగినది. మైక్రోసాఫ్టు వద్ద అట్టిది లేదు. సియాటిల్‌లోని మరొక చిన్న కంపెనీలో టిమ్ పాటర్సన్ వ్రాసిన ప్రోగ్రామును సుమారు 75 వేల డాలర్లకు కొని, తీర్చిదిద్ది, ఐ.బి.ఎం. వారికి ఇచ్చినది. ఇచ్చేటప్పుడు ఒక హక్కు మాత్రం తన వద్ద ఉంచుకొన్నది: అదే ప్రోగ్రామును ఇతర కంపెనీలకు కూడ తాను అమ్ముకోవచ్చును. ఐ.బి.ఎం. వారు యంత్రమే ముఖ్యమనుకొన్నారు. గేట్సు ప్రోగ్రామే ముఖ్యమనుకొన్నాడు. 1981 ఆగస్టులో ఐ.బి.ఎం. కంప్యూటరు వెలువడినది. తరువాత దానిని పోలిన యంత్రాలను ఎన్నో కంపెనీలు తయారుచేసినవి. ప్రతి యంత్రానికీ మైక్రోసాఫ్టు ప్రోగ్రామే కావలసివచ్చినది. 1985లో విండోస్ వచ్చినది. 1986 మార్చిలో కంపెనీ వాటాలు బజారుకు వచ్చినవి. 1995 నాటికి గేట్సు ప్రపంచంలో అందరికంటె ధనవంతుడని లెక్కకు ఎక్కినాడు.

చిన్న షరతు ఒకటి సరియైన చోట పెట్టి, దాని ఆధారంతో పెద్ద వ్యవస్థను తనవైపు త్రిప్పుకోవడం ఆయన వ్యాపార రహస్యం. ఈ నేర్పే ఆయనను న్యాయస్థానానికి కూడ ఈడ్చినది. 1998లో అమెరికా ప్రభుత్వం, అనేక రాష్ట్రాలు కలసి మైక్రోసాఫ్టుపై గుత్తాధిపత్య నేరం మోపినవి. విండోస్ బలాన్ని ఉపయోగించి ఇంటర్నెట్ చూపించే ఇతర ప్రోగ్రాములను అణచివేసినదని అభియోగం. 2000 జూన్‌లో న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ కంపెనీని రెండుగా చీల్చవలెనని తీర్పు ఇచ్చినాడు. 2001లో పై న్యాయస్థానం చీలికను రద్దుచేసినది గాని, గుత్తాధిపత్యాన్ని అక్రమంగా నిలుపుకొన్న తప్పు ఉన్నదని ధ్రువపరచినది. ఆ తరువాత కంపెనీ కథ మరొక దారి పట్టినది. 1998లోనే హైదరాబాదులో దాని అభివృద్ధి కేంద్రం వెలసినది. 2014లో హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల ఆ కంపెనీకి ముఖ్య కార్యనిర్వహణాధికారి అయినాడు. గేట్సు 2000లో ఆ పదవిని వదలుకొని, 2008లో దినచర్యనుండి తప్పుకొని, 2020లో పాలకవర్గంనుండి కూడ వైదొలగినాడు.

ఇచ్చట ఎడ్ రాబర్ట్స్ ఏమైనాడో చెప్పుకోవడం అవసరం. ఇంటింటి కంప్యూటరుకు ఆద్యుడని పేరుపడిన ఆయన 1977లో తన కంపెనీని అమ్మివేసి, వైద్యశాస్త్రం చదివి, జార్జియా రాష్ట్రంలో కోక్రన్ అనే చిన్న ఊరిలో వైద్యుడుగా స్థిరపడినాడు. 2010లో మరణించేవరకు ఆ పల్లెజనాన్నే సేవించినాడు. చివరి రోజులలో గేట్సు ఆసుపత్రికి పోయి ఆయనను చూచి వచ్చినాడు. ఒకే యంత్రం వద్ద కలసిన ఇద్దరూ జీవితపు రెండవ భాగంలో రోగుల దగ్గరకే చేరినారు. రాబర్ట్స్ ఎదుట కూర్చున్న రోగికి పేరున్నది, ముఖమున్నది. నచ్చకపోతే ఆ రోగి మరొక వైద్యుని వద్దకు పోగలడు. గేట్సు చేయి లక్షల మందిని అందుకొన్నది. ఆ లక్షలకు ఆయన ముఖం తెలియదు, ఆయనకు వారి పేరు తెలియదు. విస్తృతి పెరిగిన కొద్దీ ముఖపరిచయం తగ్గుతుంది. గేట్సు దానంలోని గొప్పదనం, చిక్కు రెండూ ఇక్కడనే ఉన్నవి.

ఠాణానుండి సియాటిల్‌కు, సియాటిల్‌నుండి హైదరాబాదుకు

గేట్సు వివాహం 1994 జనవరిలో జరిగినది. క్యాన్సరుతో బాధపడుతున్న తల్లి కోడలికి ఒక లేఖ వ్రాసి, ఎక్కువ పొందినవారినుండి లోకం ఎక్కువ ఆశిస్తుందని హెచ్చరించినది. ఆ సంవత్సరమే ఆమె మరణించినది. అదే సంవత్సరం తండ్రి పేరిట తొలి ధర్మనిధి ఏర్పడినది. 1997 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో నికొలస్ క్రిస్టాఫ్ వ్రాసిన వ్యాసమొకటి వెలువడినది. మహారాష్ట్రలోని ఠాణా పట్టణంనుండి వ్రాసిన ఆ వ్యాసంలో కలుషిత జలం వల్ల, విరేచనాల వల్ల పేద దేశాల శిశువులు మరణించే వైనం ఉన్నది. అమెరికాలో ఏ తల్లీ భయపడని వ్యాధికి ఇచ్చట బిడ్డలు బలియవుతున్నారని చదివి గేట్సు దంపతులు నివ్వెరపోయినారు. ఆ వ్యాసాన్ని తండ్రికి పంపి, ఈ విషయంలో ఏదైనా చేయగలమేమో చూడమని అడిగినారు. 2000లో వారి నిధులన్నీ ఒకే ఫౌండేషనుగా ఏర్పడినవి. 2006లో వారెన్ బఫెట్ తన సంపదలో పెద్ద భాగాన్ని ఆ సంస్థకే ఇవ్వడానికి పూనుకొన్నాడు.

వ్యాపారంలోని నేర్పు దానంలో కూడ కనబడినది. పేద దేశాల బిడ్డలకు టీకాలు అందించే గావి అనే అంతర్జాతీయ కూటమికి ఆరంభంలో 75 కోట్ల డాలర్లు ఇచ్చినారు. పేద దేశాలలో గిరాకీ లేదని టీకా కంపెనీలు వెనుకాడుతూ ఉండేవి. కొనేవాడున్నాడని ముందే హామీ ఇస్తే కంపెనీలు ఎక్కువ తయారుచేస్తవి. ఎక్కువ తయారైతే ధర తగ్గుతుంది. ధర తగ్గితే ప్రభుత్వాలు కొంటవి. ఇచ్చటనూ చిన్న మీట నొక్కి పెద్ద చక్రం త్రిప్పడమే.

ఈ పద్ధతికి మంచి నిదర్శనం రోటావ్యాక్ టీకా. శిశువుల విరేచనాలకు ముఖ్య కారణాలలో రోటావైరస్ ఒకటి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 1980 దశాబ్దంలో నవజాత శిశువులను పరీక్షించగా, కొందరికి ఆ వైరస్ సోకినా జబ్బు చేయలేదని తేలినది. ఆ సాధు వైరస్‌నే టీకాగా మలచవచ్చునని మహారాజ్ కిషన్ భాన్ ప్రభృతులు పరిశోధన సాగించినారు. భారత ప్రభుత్వ జీవసాంకేతిక శాఖ, గేట్సు ఫౌండేషన్ ధనసహాయం చేయగా హైదరాబాదులోని భారత్ బయోటెక్ కంపెనీ టీకాను తయారుచేసినది. ఢిల్లీ, పుణె, వేలూరులలో 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్షలో, మొదటి సంవత్సరంలో తీవ్రమైన రోటావైరస్ విరేచనాలను ఆ టీకా సుమారు 56 శాతం తగ్గించినదని తేలినది. 2014లో అనుమతి లభించినది. 2016లో భారత ప్రభుత్వం తన టీకా కార్యక్రమంలో రోటావైరస్ టీకాను ప్రవేశపెట్టినప్పుడు తొలి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఠాణా శిశువుల గూర్చి సియాటిల్‌లో చదివిన వార్త ఇరవై ఏండ్లు తిరిగేలోపల తెలుగు తల్లుల ఒడిలోని బిడ్డల నోటిలో చుక్కలుగా పడినది. అయితే ఇందులో ఒక్క గేట్సు డబ్బే లేదు. ప్రభుత్వ ఆసుపత్రి పరిశోధన ఉన్నది, ప్రభుత్వ శాఖ సొమ్ము ఉన్నది, స్థానిక కంపెనీ నైపుణ్యం ఉన్నది, గ్రామగ్రామాన తిరిగిన ఆరోగ్య కార్యకర్త శ్రమ ఉన్నది.

పోలియో విషయమూ అట్లే. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైనది. 2014 మార్చిలో దేశం పోలియో రహితమని ధ్రువపత్రం వచ్చినది. రోటరీ సంస్థ, గేట్సు ఫౌండేషన్ తోడ్పడినవి. ఖర్చులో పెద్ద పాలు, శ్రమ యావత్తూ మన ప్రజలదే. 2000లో ప్రపంచంలో ఐదేండ్లలోపు శిశువుల మరణాలు సంవత్సరానికి సుమారు ఒక కోటి. ఇటీవలి సంవత్సరాలలో అవి అందులో సగానికి తగ్గినవి. ఈ తగ్గుదలలో గేట్సు ధనానికి గౌరవనీయమైన స్థానం ఉన్నది. దానిని కాదనడం అన్యాయం.

సంతకం ఎవరిది?

మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన మంచి జరుగుతుందన్న హామీ లేదు. 2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో, 10 నుండి 14 ఏండ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకా వేసే కార్యక్రమం ఆరంభమైనది. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలసి దీనిని నడిపినవి. ధనం గేట్సు ఫౌండేషనుది. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో కూడ ఇట్టిదే జరిగినది. కొందరు బాలికలు మరణించినారన్న వార్తలు వచ్చి ఆందోళన చెలరేగగా, 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం కార్యక్రమాన్ని నిలిపివేసినది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనబడలేదని ప్రభుత్వ విచారణ సంఘం తేల్చినది. టీకా మంచిదేనని, ఆ క్యాన్సరును తగ్గించినదని తరువాత అనేక దేశాల అనుభవం రుజువు చేసినది.

అయితే తప్పు వేరొకచోట ఉన్నది. టీకా పొందినవారిలో చాలమంది ఆశ్రమ పాఠశాలల గిరిజన బాలికలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం సమర్పించిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన 9,543 అంగీకార పత్రాలలో 2,763 పత్రాలపై సంతకం చేసినది తల్లిదండ్రులు కాదు, వసతిగృహాల వార్డెన్లు. మరి 1,948 పత్రాలపై వేలిముద్రలు. నియమాలను అతిక్రమించలేదని పాత్ సంస్థ వాదించినది. వాదం ఎట్లున్నా, కొండపల్లెలో ఉన్న తల్లిని అడగకుండ ఆమె బిడ్డ చేతికి సూది గుచ్చినమాట వాస్తవం. చేసినవారికి అది చిన్న సౌలభ్యంగా తోచియుండవచ్చును. దాని మూల్యం పెద్దది: ఆ అపనమ్మకం కారణంగా కూడ, మంచి టీకా మన జాతీయ కార్యక్రమంలో చేరడానికి చాల ఏండ్లు పట్టినది. మొదటనే అడిగి, తెలిపి, ఒప్పించియుంటే ఎందరో స్త్రీలకు మేలు కలిగేది.

అమెరికా పాఠశాలలు కూడ ఇట్టి పాఠమే చెప్పినవి. పెద్ద ఉన్నత పాఠశాలలను చిన్నవిగా విడదీస్తే చదువు బాగుపడుతుందని ఫౌండేషన్ సుమారు 200 కోట్ల డాలర్లు వెచ్చించినది. ఫలితం ఆశించినంత రాలేదని 2009 నాటి వార్షిక లేఖలో గేట్సే ఒప్పుకొన్నాడు. పిదప ఉపాధ్యాయుల పనితనాన్ని కొలిచి, అందుకు తగినట్లు జీతం, పదవి నిర్ణయించే పథకం చేపట్టినారు. అందరి వాటాలూ కలసి సుమారు 57.5 కోట్ల డాలర్లు ఖర్చయినవి. విద్యార్థుల చదువు చెప్పుకోదగినంత మెరుగుపడలేదని ర్యాండ్ సంస్థ 2018లో నివేదించినది. తప్పును దాచక అచ్చువేయించడం మెచ్చదగినదే. కాని ప్రోగ్రాములో తప్పు వస్తే తరువాతి కూర్పులో సవరించవచ్చును. పదవ తరగతి పిల్లవానికి మరొక పదవ తరగతి ఉండదు. యంత్రంమీద ప్రయోగించి దిద్దుకొనే అలవాటు మనుష్యులమీద ప్రయోగించరాదు.

ఎవరికి జవాబుదారి?

ప్రభుత్వం తప్పుచేస్తే ప్రజలు ఓటుతో దించుతారు. కంపెనీ తప్పుచేస్తే కొనడం మానుతారు. దాత తప్పుచేస్తే ఏమి చేయవలెను? 2021 వరకు ఇంతటి సంస్థకు ధర్మకర్తలు ముగ్గురే: గేట్సు, మెలిండా, బఫెట్. ఆ సంవత్సరం బఫెట్ తప్పుకొన్నాడు. గేట్సు దంపతులు విడాకులు పొందినారు. 2024లో మెలిండా కూడ వైదొలగినది. తీవ్ర నేరానికి శిక్షపడిన జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో సమావేశం కావడం తన పెద్ద పొరపాటని 2021లో గేట్సే బహిరంగంగా ఒప్పుకొన్నాడు. ఒక కుటుంబపు చీలిక, ఒక వ్యక్తి వర్తన లక్షలాది బిడ్డల ఆరోగ్యాన్ని ఊగించగల స్థితి ఉండడమే దోషం. 2022లో పాలకమండలిని విస్తరించి ఇతరులను చేర్చుకొన్నారు. అది సరియైన అడుగు. పైగా అమెరికా చట్టాలలో దానానికి పన్ను రాయితీ ఉన్నది. అనగా అట్టి దానంలో ఖజానాకు చేరవలసిన ప్రజల సొమ్ము కూడ కొంత ఉన్నది. కనుక ప్రశ్నించడం కృతఘ్నత కాదు.

మరొక వైపు కూడ చూడవలెను. 2025 జూలై 1వ తేదీతో విదేశాలకు సహాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ యు.ఎస్. ఎయిడ్ మూతపడినది. ఇతర సంపన్న దేశాలు కూడ తమ సహాయాన్ని కుదించినవి. 2025లో శిశు మరణాలు అంతకు ముందు సంవత్సరం కంటె సుమారు రెండు లక్షలు పెరుగగలవనీ, ఈ శతాబ్దంలో ఇట్టి పెరుగుదల ఇదే ప్రథమమనీ గేట్సు ఫౌండేషన్ ఆ సంవత్సరం డిసెంబరులో అంచనా వేసినది. ఎంత గొప్ప దాతయైనా ప్రభుత్వాల స్థానాన్ని భర్తీచేయలేడని దీనివల్ల తేలుతున్నది. దాత తోడు నడవగలడు, మోయవలసినది ఖజానాయే.

ధనవంతుడుగా మరణించడం అపకీర్తి అని 1889లో ఆండ్రూ కార్నెగీ వ్రాసినాడు. గేట్సు తన ప్రకటనలో ఆయనను స్మరించినాడు. కాని మన పెద్దలు దాత మరణంకంటె దానపు తీరును గూర్చి ఎక్కువగా ఆలోచించినారు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో విద్య ముగించుకొని పోయే శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశంలో, దానం శ్రద్ధతో చేయవలెను, సిగ్గుతో చేయవలెను, భయంతో చేయవలెను అన్న అర్థం ఉన్నది. ఇచ్చేవానికి భయమెందుకు? తన చేయి పైన ఉన్నదన్న గర్వంలో, క్రింద చేయి చాచినవాని మనసు కనబడకపోవచ్చును గనుక. భద్రాచలం ఆశ్రమ పాఠశాలలో లోపించినది ధనం కాదు, జ్ఞానం కాదు; ఈ భయమే.

భయం దాతకు ఉండవలెనన్నచో, వివేకం గ్రహీతకు ఉండవలెను. కొత్త పథకం ఏదైనా బడి గడప తొక్కినప్పుడు ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు అడుగవచ్చును. ఇది కావాలని ఇచ్చటివారు ఎవరైనా కోరినారా? పిల్లల తల్లిదండ్రులకు వారి భాషలో చెప్పి సమ్మతి పొందినారా? సొమ్ము ఆగిపోయిన మరునాడు దీనిని ఎవరు నడుపుతారు? మూడవ ప్రశ్నకు గేట్సు తన మేరకు సమాధానం చెప్పినాడు: 2045 తరువాత తాను నడుపడు. ఇంత స్పష్టంగా చెప్పిన దాతలు అరుదు. ఆ గడువులోపల మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, మన పరిశోధనాలయాలు, మన బడులు సొంత కాళ్లపై నిలిస్తే ఆ దానం సార్థకం. నిలవకపోతే ఇరవై వేల కోట్ల డాలర్లు కూడ ఇసుకలో పోసిన నీరే. నేడు ఒకటవ తరగతిలో అక్షరాలు దిద్దుతున్న పిల్లలు ఆనాటికి ఇరవైయైదేండ్ల పౌరులు. సంతకం పెట్టవలసినచోట తామే చదివి, తెలిసికొని, తామే పెట్టగలిగేటట్లు వారిని తీర్చిదిద్దడం ఏ ఫౌండేషన్ చేతిలోనూ లేదు. అది బడి పని.